సాఫ్ట్‌వేర్ గైడులో అక్షరదోషాలు దిద్దడం ఎలా?

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. గైడు అసలు ఫైళ్లు, పాత ప్రతులను భద్రపరిచే గిట్, ఒక సాదా టెక్స్ట్ ఎడిటర్ చాలు. వర్డ్‌లో మాత్రం తెరవకండి. అది కొటేషన్ గుర్తులను వంకర తిప్పేసి కమాండ్‌లను చెడగొడుతుంది.

మొదట దిద్దకుండా చదవండి. అదీ కాగితం మీద, పెన్సిల్ పట్టుకుని. తెర మీద చదివితే తప్పులు దొరకవు, ఇందులో చర్చకు తావు లేదు. తర్వాత స్పెల్ చెకర్ నడపండి. మిర్యాలగూడ, దేవరకొండ కింద ఎర్రగీత పడితే కంగారు పడకుండా ఆ పేర్లను దాని నిఘంటువులో చేర్చేయండి.

ఇక దిద్దడం. పని చెడేది ఇక్కడే. ‘అన్నీ మార్చు’ బటన్ జోలికి పోవద్దు. నల్గొండ జిల్లాలోని రైస్ మిల్లుల కోసం రాసిన లెక్కల సాఫ్ట్‌వేర్ గైడు ఒకటి నా దగ్గరికి వచ్చింది. అందులో ‘అర్థం’ అని ఉండాల్సిన చోటల్లా ‘అర్ధం’ అని ఉండేదట. ఎవరో ఉత్సాహవంతుడు ‘అర్ధ’ కనిపించిన ప్రతిచోటా ఒక్క నొక్కుతో ‘అర్థ’గా మార్చేశాడు. దాంతో ‘అర్ధ సంవత్సర నివేదిక’ కాస్తా ‘అర్థ సంవత్సర నివేదిక’ అయి కూర్చుంది. తెర మీది మెనూలో ఆ పేరు మారలేదు కాబట్టి గుమస్తాలు గైడులో వెతికితే అది దొరకలేదు.

అసలు మెనూలోనే తప్పుంటే? గైడులోనూ ఆ తప్పే ఉండాలి. ముందు ప్రోగ్రామ్ రాసేవాళ్లతో తెరను మార్పించండి, ఆ తర్వాతే గైడు.

యంత్రం చదివే మాటలను అసలు ముట్టుకోకండి. ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పడానికి వెబ్ బ్రౌజర్లు పంపే ‘రిఫరర్’ హెడర్‌కు ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక ‘ఆర్’ తక్కువ. 1996లో వచ్చిన ‘ఆర్‌ఎఫ్‌సీ 1945’ అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో అది ఆ తప్పుతోనే ఉంది, నేటికీ అలాగే నడుస్తోంది. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు సృష్టించే ‘క్రియేట్’ కాల్‌కు చివరి ‘ఈ’ లేదు. పాండిత్యం చూపించి వీటిని సరిచేస్తే, గైడు చూసి టైపు చేసినవారి ప్రోగ్రామ్ పనిచేయదు.

మహబూబ్‌నగర్ తలనొప్పి వేరే. ఇందులో ‘బ్’ తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే ‘న’ వత్తుగా కిందికి దిగి ‘మహబూబ్నగర్’ అవుతుంది. ఇది చూడగానే తెలుస్తుంది. తెలియనిది, కాపీ చేసినప్పుడు ఆ అక్షరం రెండుసార్లు పడటం. చూపుకు పేరు సరిగ్గానే ఉంటుంది, వెతికితే మాత్రం చాలా ఎడిటర్లలో దొరకదు. అనుమానం వస్తే ఆ పదాన్ని పూర్తిగా చెరిపేసి మళ్లీ టైపు చేయండి. అదే పేరు డేటాబేస్ నుంచి వచ్చే జిల్లాల జాబితాలోదైతే చిన్న పొల్లు కూడా మార్చొద్దు.

ఈ మధ్య గైడు మొత్తాన్ని కృత్రిమ మేధకు అప్పగించేవారు ఎక్కువయ్యారు. అది తప్పులతో పాటు అడగని వాక్యాలనూ దిద్దిపెడుతుంది. ఎక్కడెక్కడ చెయ్యి పెట్టిందో వెతికే సమయంలో మనమే శుభ్రంగా రెండుసార్లు చదువుకోవచ్చు.

చివరగా, ఒక రకం తప్పుకు ఒక కమిట్, అంటే గిట్‌లో ఒకసారి భద్రపరిచే మార్పుల కట్ట. అక్షరదోషాలను, వాక్యాల మార్పులను కలగలిపి పంపితే నేనైతే చదవకుండానే తిప్పి పంపుతాను. పంపేముందు ఏమేం మారాయో చూపే గిట్ డిఫ్‌ను వరుసవారీగా చూడండి. శీర్షికలో అక్షరం మారితే దానికి ఇచ్చిన లింకులు తెగిపోవచ్చు, వాటిని ఒక్కొక్కటిగా నొక్కి చూడండి.