శాంక్షన్: మంజూరా, ఆంక్షా?

సమస్య: ఇంగ్లిష్ వార్తలో ఒక బ్యాంకుపై వేటు పడింది. మీరు దాన్ని అనువదించిన తెలుగు కాపీలో అదే బ్యాంకుకు అనుమతి దొరికింది.

కారణం: శాంక్షన్ అనగానే మనకు లోన్ గుర్తొస్తుంది. సెలవు శాంక్షన్ కాలేదు అంటాం, కరెంటు కనెక్షన్‌కు శాంక్షన్డ్ లోడ్ ఉంటుంది. ఆ అలవాటుకొద్దీ వాక్యం పూర్తవకముందే చెయ్యి 'మంజూరు' అని రాసేస్తుంది. లాటిన్‌లో ఈ మాట మూలానికి శాసనం చేయడమని అర్థం. శాసనం ఒకటి ఒప్పుకుంటుంది, మీరితే శిక్ష వేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండు అర్థాలూ మిగిలాయి.

ముందు చూడాల్సింది: దేన్ని శాంక్షన్ చేశారు? డబ్బు, పోస్టు, సెలవు అయితే మంజూరు. మనిషి, కంపెనీ, దేశం అయితే ఆంక్షలు. పది సెకన్ల పని. నా దగ్గరికొచ్చే తప్పులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి, అయినా ఎవరూ చూడరు. గవర్నర్ మంత్రిపై ప్రాసిక్యూషన్‌కు శాంక్షన్ ఇచ్చారంటే అనుమతే. అక్కడ శాంక్షన్ అయింది ప్రాసిక్యూషన్, మంత్రి కాదు.

ఇది చూసినా దొరకనిది ఒకటుంది. 2018 నవంబరులో అమెరికా ఇరాన్ మీద, దాని చమురు అమ్మకాల మీద మళ్ళీ ఆంక్షలు పెట్టింది. ఎడిషన్ మూసే వేళకు వచ్చిన వార్తా ఏజెన్సీ కాపీలో 'శాంక్షన్డ్ క్రూడ్' అని ఉంది. చమురు మనిషీ కాదు, దేశమూ కాదు కదా! 'అనుమతించిన ముడిచమురు' అని నేనే దిద్ది పంపాను. పొద్దున మా డెస్క్ ఇన్‌చార్జి పేపర్ నా ముందు పెట్టి, "అనుమతిస్తే ఇంక గొడవెందుకయ్యా?" అన్నారు. ఆంక్ష ఆ చమురు అమ్మే దేశం మీద. మాట మాత్రం వచ్చి సరుకు ముందు కూర్చుంది.

పరిష్కారం: ఏ మాటకు ముందైనా 'శాంక్షన్డ్' కనబడితే, శాంక్షన్ చేసిందెవరో వెతకండి. లోన్ ఇచ్చే బ్యాంకో, కరెంటు ఆఫీసో అయితే మంజూరు. అమెరికా ట్రెజరీ (అక్కడి ఆర్థిక శాఖ), ఐరోపా సమాఖ్య, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అయితే ఆంక్షలని అనుకునే మొదలుపెట్టండి. ఎవరో తెలియకపోతే రెండు పేరాలు వెనక్కి వెళ్ళి చదవండి. ఆంక్షలని తేలితే, తెలుగులో ఒక్క మాటకు కుదించకుండా 'ఆంక్షలున్న దేశపు చమురు' అని విప్పి రాయండి.

మీరే ఇంగ్లిష్‌లో రాస్తుంటే 'అప్రూవ్' వాడండి. 'అమెరికా ప్రభుత్వం మా కంపెనీని శాంక్షన్ చేసింది' అని గొప్పగా రాస్తే, చదివినవాళ్ళు మీతో లావాదేవీలు ఆపేస్తారు.

నీతిశాస్త్రంలో దీనికి ఇంకో వాడుక ఉంది. వార్తల్లో నాకెప్పుడూ తగల్లేదు, వదిలేయండి.