ప్లాంట్ బేస్డ్ డైట్‌కి మారినప్పుడు నాలుకకి కొత్త రుచులు ఎలా అలవాటు చేయాలి?

మాంసం, గుడ్లు, పాలు మానేసి కూరగాయలు, పప్పుధాన్యాలు, పళ్ళు, గింజల మీదకి వచ్చినవాళ్ళు చాలామంది నెల తిరక్కుండానే పాత తిండికి వెళ్ళిపోతారు, ఎందుకు మానేశారని అడిగితే ఒకటే మాట, "చప్పగా ఉందండీ, గొంతు దిగట్లేదు" అని. చప్పగా ఉండటం నిజమే, నేను కాదనట్లేదు. కానీ ఆ చప్పదనం కూరగాయల్లో లేదు, అన్నాళ్ళూ ఎక్కువ ఉప్పు, ఎక్కువ తీపి, ఎక్కువ కొవ్వుకి అలవాటుపడిన నాలుకలో ఉంది, అది మారుతుంది, టైమ్ ఇచ్చి పద్ధతిగా చేస్తే కచ్చితంగా మారుతుంది. చాలామంది చేత ఈ మార్పు చేయించాను, దాదాపు అందరూ ఒకే చోట పాడుచేస్తారు. అది మూడో స్టెప్. అందుకే మిగతావి గబగబా చెప్పేసి దాని దగ్గర ఆగుతాను.

ముందుగా కావాల్సినవి

ఒక కొలత చెంచా, ఒక చిన్న నోట్‌బుక్, నిమ్మకాయలు లేదా వెనిగర్, మిరియాలు, వెల్లుల్లి, మీకు నచ్చిన ఎండు ఆకులు, టమాటాలు, పుట్టగొడుగులు. అయోడైజ్డ్ ఉప్పే వాడండి, రంగు రంగుల ఫ్యాన్సీ ఉప్పుల్లో చాలావాటికి అయోడిన్ కలపరు, చేపలు, పాలు మానేసినవాళ్ళకి అయోడిన్ వచ్చే దారులు ముందే తగ్గిపోతాయి. విటమిన్ బి12 టాబ్లెట్ తప్పనిసరి, మొక్కల ఆహారంలో అది నమ్మదగ్గ మోతాదులో దొరకదు, ఇందులో వాదన ఏమీ లేదు.

బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. తిండి మారితే మందు డోసు మార్చాల్సి రావచ్చు.

స్టెప్ 1: మానేయాల్సినవి మానేయండి

దీని గురించి పేజీలు పేజీలు రాస్తారు కానీ నిజానికి ఇదే తేలిక. ఒక రోజు అనుకుని మానేయండి, లేదా ముందు మాంసం, తర్వాత గుడ్లు, ఆ తర్వాత పాలు అని వరసగా మానేయండి, ఏదైనా పర్లేదు. ఇంట్లో ఉన్నవి మాత్రం తీసేయండి, కళ్ళెదురుగా ఉంటే చెయ్యి వెళ్తుంది.

స్టెప్ 2: పీచు మెల్లగా పెంచండి

బీన్స్, పప్పులు ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికించండి, గ్యాస్ తెప్పించే చక్కెరలు కొంతవరకు ఆ నీళ్ళతో పోతాయి. మొదటి రెండు వారాలు చిన్న కప్పుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్ళండి, నీళ్ళు బాగా తాగండి. ఇది రుచికి సంబంధించినది కాదనిపిస్తుంది కానీ సంబంధం ఉంది, ఒక వంట తిన్నాక కడుపులో ఇబ్బంది అయితే ఆ రుచి మీదే అయిష్టం పుడుతుంది, అలా పుట్టిన అయిష్టం తొందరగా పోదు.

స్టెప్ 3: ఉప్పు, తీపి, నూనె మోతాదు దించడం

అసలు పని ఇది. జాగ్రత్తగా చదవండి, వీలైతే రెండుసార్లు చదవండి.

రుచి మొగ్గల్లో కణాలు సుమారు పది రోజుల నుంచి రెండు వారాల్లో కొత్తవి వస్తాయి. ఇది విని చాలామంది రెండు వారాల్లో ఇష్టాలు కూడా మారిపోతాయి అనుకుంటారు. మారవు. కణం కొత్తదే అయినా ఎంత ఉప్పుంటే "సరిపోయింది" అనాలో మెదడు పాత లెక్కతోనే చూస్తుంది, ఆ లెక్క దిగడానికి రెండు మూడు నెలలు పడుతుంది. పెద్ద సౌండ్ ఉన్న హాల్లోంచి బయటికొచ్చినప్పుడు మామూలు మాటలు కాసేపు వినపడనట్టే ఇదీ, మాటలు అంతకుముందు కూడా అంతే గట్టిగా ఉన్నాయి.

ఇది నేను ఊహించి చెప్పేది కాదు. అమెరికాలోని మోనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్ పరిశోధకులు 1982లో ఒక అధ్యయనం ప్రచురించారు, కొంతమంది చేత 5 నెలలు తక్కువ సోడియం తిండి తినిపించారు, ఆఖరికి వచ్చేసరికి వాళ్ళకి నచ్చే ఉప్పు మోతాదే తగ్గిపోయింది. అదే పరిశోధకులు తర్వాత ఇంకోటి చూశారు, అదనపు ఉప్పుని కొందరికి తిండిలో, కొందరికి టాబ్లెట్‌గా ఇచ్చారు. తిండిలో తిన్నవాళ్ళ ఇష్టం పెరిగింది, టాబ్లెట్ మింగినవాళ్ళకి పెరగలేదు. అంటే ఒంట్లోకి ఎంత వెళ్ళింది అన్నదానికంటే నాలుకకి ఎంత తగిలింది అన్నదే ముఖ్యం. ఈ ఒక్క సంగతి అర్థమైతే కింద చెప్పే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మూడూ ఒకేసారి తగ్గించకండి. ముందు ఉప్పు, తర్వాత తీపి, ఆఖర్న నూనె. ఈ వరస మార్చొద్దు. మూడూ ఒకేసారి తీసేస్తే ప్లేట్‌లో ఏ ఆసరా మిగలదు, మూడో రోజుకే విసుగొస్తుంది, విసుగులో మనిషి పాత తిండికే వెళ్తాడు.

ఉప్పు ఎలా తగ్గించాలంటే, మొదటి వారం ఏమీ తగ్గించకండి, కొలవండి అంతే. రోజుకి ఎన్ని చెంచాలు వాడుతున్నారో నోట్‌బుక్‌లో రాయండి, చాలామందికి ఆ నంబర్ చూస్తేనే ఆశ్చర్యం వేస్తుంది. తర్వాత అందులో పావు వంతు తీసేసి రెండు వారాలు అక్కడే ఉండండి. మళ్ళీ పావు వంతు, మళ్ళీ రెండు వారాలు. ఇలా దిగుతూ పెద్దవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రోజుకి 5 గ్రాముల లోపుకి రావాలి, అంటే సుమారు ఒక చిన్న చెంచా, అది కూడా ప్యాకెట్ తిండిలో, సాస్‌లలో, బ్రెడ్‌లో ఉన్నది కలుపుకుని. లేబుల్ మీద సోడియం అని ఉంటే దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు వస్తుంది, 400 మిల్లీగ్రాముల సోడియం అంటే 1 గ్రాము ఉప్పు. బాగా చెమటలు పట్టే పని చేసేవాళ్ళు, ఎండలో ఎక్కువ తిరిగేవాళ్ళు మరీ కిందకి దించొద్దు, ఎవరూ సున్నాకి తేవొద్దు.

వంట ఉడికేటప్పుడు ఉప్పు వేయకండి, దించాక పైన చల్లండి. లోపల కలిసిపోయిన ఉప్పు కంటే పైన ఉన్న ఉప్పు నాలుకకి నేరుగా తగులుతుంది, తక్కువతోనే సరిపోతుంది. పప్పులు, బీన్స్ ఉడికేటప్పుడే ఉప్పు వేయకపోతే లోపలికి పట్టదని కొందరు పట్టుబడతారు, మామూలు వంటకి వాళ్ళు చెప్పింది రైటే కావచ్చు, కానీ ఇక్కడ మన పని నాలుకని దించడం, అందుకని పైనే చల్లండి.

ఉప్పు తగ్గించిన చోట ఖాళీ వదిలేయకూడదు, అక్కడ పులుపు పెట్టాలి. నిమ్మరసం నాలుగు చుక్కలు, లేదా వెనిగర్, తినేముందు. దాంతోపాటు టమాటా, ఎండు పుట్టగొడుగులు, బాగా వేయించిన ఉల్లిపాయ. టమాటా, పుట్టగొడుగుల్లో సహజంగా ఉండే గ్లూటమేట్ వల్ల మాంసంలో ఉండే లాంటి నిండైన రుచి వస్తుంది, దాన్ని ఉమామి అంటారు, 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచులో దాన్ని గుర్తించాడు. మాంసం మానేసినవాళ్ళు "ఏదో లోటుగా ఉంది" అంటారు చూడండి, చాలాసార్లు ఆ లోటు ఇదే. కారం మాత్రం పెంచొద్దు. కారం రుచి కాదు, మంట, అది పెంచుకుంటూ పోతే దాని కింద కూరగాయల అసలు రుచి ఎప్పటికీ తెలీదు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు. మాంసం లాంటి సోయా కట్‌లెట్లు, పాలు లేకుండా చేసే వీగన్ చీజ్, జీరో క్యాలరీ స్వీట్‌నర్లు, వీటితో మొదటి రెండు నెలలు నెట్టుకొద్దాం, తర్వాత మెల్లగా మానేద్దాం అనుకుంటారు. ఇది పూర్తిగా రివర్స్. పై అధ్యయనాలు గుర్తు తెచ్చుకోండి, నాలుకకి తగిలిందే లెక్క. కొవ్వు విషయంలో దీన్ని సూటిగా పరీక్షించారు కూడా, 1993లో ఒక అధ్యయనంలో 12 వారాలు తక్కువ కొవ్వు తిండి తిన్నవాళ్ళలో, కొవ్వు లాంటి రుచి ఇచ్చే ప్రత్యామ్నాయాలకి కూడా దూరంగా ఉన్నవాళ్ళ ఇష్టం తగ్గింది, వాటిని తింటూ వచ్చినవాళ్ళకి తగ్గలేదు. పైగా ఈ నకిలీ మాంసాల్లో చాలావాటిలో ఉప్పు బాగా ఎక్కువ, వీగన్ చీజ్‌లలో చాలావరకు కొబ్బరినూనె. అవి విషం అనట్లేదు, మూడు నెలల తర్వాత అప్పుడప్పుడు తినండి. మొదటి మూడు నెలలు మాత్రం ఇంట్లోకి రానివ్వొద్దు.

వీకెండ్ సెలవు తీసుకోవడం కూడా ఇలాంటిదే. ఐదు రోజులు తక్కువ ఉప్పు, రెండు రోజులు చిప్స్, పిజ్జా. అలా చేసినవాళ్ళకి ప్రతి సోమవారం మొదటి రోజే. నెలలు గడిచినా చప్పగానే ఉందంటారు, ఉండక ఏం చేస్తుంది.

తీపి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే తీపి ఉప్పులా తేలిగ్గా దిగదు. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 3 నెలలు చక్కెర బాగా తగ్గించినవాళ్ళకి అదే పుడ్డింగ్ ముందుకంటే ఎక్కువ తియ్యగా అనిపించింది, అంటే నాలుక చురుకైంది, కానీ వాళ్ళు ఇష్టపడే తీపి మోతాదు తగ్గలేదు, ఆంక్షలు తీసేయగానే మళ్ళీ పాత మోతాదుకి వెళ్ళిపోయారు. కాబట్టి మూడు నెలలయ్యాక "ఇక నాకు అలవాటైపోయింది" అని చక్కెర డబ్బా తిరిగి తెచ్చుకోకండి. టీలో, కాఫీలో వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ సున్నాకి రండి, తీపి కావాలనిపిస్తే బాగా పండిన పండు కోసుకుని తినండి. జ్యూస్ కాదు, పండు. ఖర్జూరాలతో చేసే లడ్డూలు, బార్‌లు "హెల్దీ" అని పేరు పెట్టుకుని ఎంతమంది పోగు చేసి తింటారో, నాలుకకి అది చక్కెర ముద్దకి తక్కువేం కాదు.

నూనె ఆఖర్న. వేపుడు బదులు ఓవెన్‌లో కాల్చడం, లేదా మందపాటి పెనం మీద కొంచెం నూనెతో ఎర్రగా అయ్యేదాకా ఉంచడం. కొవ్వు పూర్తిగా మానేయమని కాదు, గింజలు, నట్స్ తినండి, ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె, ఎ లాంటివి ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు కావాలి.

నేను చూసినంతలో రెండో వారం నుంచి ఐదో వారం దాకా గడ్డుకాలం. మొదట్లో ఉన్న ఉత్సాహం అయిపోతుంది, ఇష్టం ఇంకా రాదు. ఈ రోజుల్లో కొత్త వంటలు ట్రై చేయకండి, బయట తినకండి, మీకు ముందునుంచే నచ్చే మూడు నాలుగు కూరగాయలతోనే తిరిగి తిరిగి వండుకోండి. ఆకలేసినప్పుడే తినండి, మెల్లగా నమలండి, మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద భాగం నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే వాసనే. ఫోన్ చూస్తూ మింగేస్తే అది పోతుంది.

స్టెప్ 4: చేదుకి అలవాటు పడటం

ఆకుకూరలు, క్యాబేజీ, బ్రకోలీ జాతి కూరగాయలు కొందరికి నిజంగానే మిగతావాళ్ళ కంటే చేదుగా ఉంటాయి, టీఏఎస్2ఆర్38 అనే జన్యువులో తేడా వల్ల. కాబట్టి ఇంట్లో ఒకరు ఇష్టంగా తింటూ ఇంకొకరు ముఖం చిట్లిస్తే వాళ్ళు మారాం చేస్తున్నారనకండి.

చేదు మీద చక్కెర వేయకండి, చిటికెడు ఉప్పు వేయండి, ఉప్పులోని సోడియం చేదుని అణిచేస్తుంది. ఉప్పు తగ్గించమని చెప్పి ఇక్కడ వేయమంటున్నానేంటి అనుకోవద్దు, మిగిల్చిన ఉప్పుని ఖర్చు పెట్టాల్సిన చోటు ఇదే. క్యాబేజీ జాతివి ఎక్కువసేపు ఉడికిస్తే గంధకం వాసన వస్తుంది, వీటి మీద ద్వేషం సగం ఆ వాసన వల్లే పుట్టింది, కాబట్టి పెద్ద మంట మీద కొద్దిసేపే వండండి. నచ్చని కూరగాయ రెండు ముద్దలు, అంతే, కానీ రెండు మూడు రోజులకోసారి. పిల్లలు ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి 8 నుంచి 15 సార్లు పట్టొచ్చు, పెద్దవాళ్ళు ఒకసారి తిని "నాకు పడదు" అని తీర్పు ఇచ్చేస్తారు. ఆకుల్ని అరటిపండుతో స్మూతీ చేసి తాగడం మాత్రం నాకు అస్సలు ఒప్పుదల లేదు, ఆకు లోపలికి వెళ్తుంది నిజమే, నాలుక నేర్చుకునేది మాత్రం అరటిపండునే.

స్టెప్ 5: మారిందా లేదా చూసుకోవడం

పన్నెండు వారాలయ్యాక ముందు ఇష్టంగా తిన్న ప్యాకెట్ చిప్స్ ఒకటి రెండు నోట్లో వేసుకోండి. ఉప్పు గుచ్చినట్టు అనిపిస్తే పని అయినట్టే. ఉత్త క్యారెట్ తియ్యగా తగలడం, ఉడికించిన బీన్స్ వేటికవే వేరే రుచి ఉండటం, ఇవి ఇంకా ముందే మొదలవుతాయి, నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏమీ మారకపోతే మూడో స్టెప్‌లో ఎక్కడో ప్యాకెట్ తిండి దాక్కుని ఉంటుంది, సాస్‌ల లేబుల్స్ మళ్ళీ చదవండి.

అన్నీ సరిగ్గా చేసినా ఏ రుచీ వాసనా తెలియట్లేదంటే అది వేరే సంగతి. జింక్ తగ్గినా, కొన్ని మందుల వల్లా, వైరల్ జ్వరాల తర్వాతా అలా అవుతుంది, ఇంకో నెల ఆగి చూద్దాం అనుకోకుండా డాక్టర్‌ని కలవండి. మొక్కల ఆహారంలో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు జింక్‌ని కొంత ఒంటికి పట్టనివ్వవు, పప్పులు, గింజలు నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ప్రయాణాలప్పుడో పెళ్ళిళ్ళప్పుడో నాలుగు రోజులు ఉప్పటి తిండి తినాల్సొస్తే తిరిగొచ్చాక మొదటి నుంచి మొదలుపెట్టకండి. ఏ మోతాదు దగ్గర ఆపారో నోట్‌బుక్‌లో చూసి నేరుగా అక్కడికే వెళ్ళిపోండి, కొన్ని రోజులు చప్పగా అనిపిస్తుంది, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి.