తలలో రెండు రకాల గడ్డలుంటే కాగితాలు ఎలా నడపాలి

నేను మిర్యాలగూడ రైసు మిల్లులో గుమస్తాను. మా అక్క తలలో ఒకేసారి రెండు గడ్డలు బయటపడ్డాయి. ఒకటి మెదడును కప్పిన పొరల నుంచి పెరిగే మెనింజియోమా, రెండోది మెదడులోనే పుట్టే గ్లయోమా. ఇలా వేర్వేరు జాతులవి ఒకే మనిషిలో కలిసి రావడం అరుదు. వైద్యం డాక్టర్లదే. నేను చెప్పేది పక్కనున్నవాళ్లు చేయాల్సిన పని.

ముందు రెండు ఖాతాలు తెరవండి. ఒక్కో గడ్డకు ఒక పేజీ: ఏ వైపు ఉంది, ఎంత కొలత, ఏ తేదీ ఎంఆర్ఐ. మెనింజియోమాలు చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. చిన్నదైతే కోయకుండా స్కాన్లతో కనిపెట్టి ఉండమనవచ్చు. గ్లయోమా సంగతి గ్రేడు, అంటే అది ఎంత ఉధృతమైనదో చెప్పే స్థాయి, తేలాకే తెలుస్తుంది. అందుకే "క్యాన్సరా, కాదా?" అనే చుట్టాలకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు, వెతక్కండి.

స్కాన్‌లో రెండు మచ్చలు కనిపించగానే ఒంట్లో మరెక్కడి నుంచో క్యాన్సర్ పాకిందేమోనన్న అనుమానం వస్తుంది. క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా అలా కనిపించవచ్చు. తేల్చేది బయాప్సీ, అంటే గడ్డ నుంచి ముక్క తీసి చేసే పరీక్ష. అయితే ఒక గడ్డ నుంచి తీసిన ముక్క రెండోదాని జాతి చెప్పదు. ముక్క ఏ గడ్డదో రిపోర్టులో స్పష్టంగా ఉందా చూడండి, లేకపోతే రాయించండి. గ్లయోమా అయితే ఐడీహెచ్ అనే జన్యుమార్పు ఉందో లేదో చూసే పరీక్ష గురించి అడగండి. ఆ ముక్కను నిల్వచేసిన మైనపు దిమ్మలు ఎక్కడ భద్రపరిచారో కనుక్కోండి, రెండో అభిప్రాయానికి అవే కావాలి.

చిన్నప్పుడు తలకు రేడియేషన్ ఇచ్చారా, ఇంట్లో ఎవరికైనా చెవి నరంపై గడ్డలు వచ్చాయా, ఇవి డాక్టరు అడగకపోయినా చెప్పండి. న్యూరోఫైబ్రోమాటోసిస్ రెండో రకం అనే జన్యు జబ్బులో ఇలాంటి గడ్డలు గుంపుగా వస్తాయి.

హైదరాబాద్‌లో నిమ్స్‌కు వెళ్లినా మరెక్కడికి వెళ్లినా ఫిల్ములతోపాటు సీడీ కూడా పట్టుకెళ్లండి. రెండింటికీ ఒకటే ఆపరేషనా, విడివిడిగానా అని ముందే అడిగి, ఆరోగ్యశ్రీ అనుమతి గురించి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రతో మాట్లాడండి. పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది.

ఫిట్స్ మాత్రలు, వాపు తగ్గించే డెక్సామెథసోన్ సొంతంగా ఆపకూడదు. డెక్సామెథసోన్‌తో షుగర్ పెరుగుతుంది, పరీక్ష చేయిస్తుండండి. ప్రయాణంలో మాత్రలు డిక్కీలో వేసే బ్యాగులో కాదు, చేతిసంచిలో ఉండాలి.