సవ్తా గారి వెండి సామాన్లు: మైనం, నలుపు, మచ్చలు - కారణం, పరిష్కారం

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్లుగా పనిచేసే మనవాళ్లకు అక్కడి పండుగలు దగ్గరపడితే ఒక టెన్షన్. సవ్తా (అమ్మమ్మ గారు) అల్మారాలోంచి తాతల నాటి వెండి, ఇత్తడి సామాన్లు తీసి శుభ్రం చేయమంటారు. ఇలాంటి చేతిపని వస్తువులు వాడకం కన్నా తోమడంలోనే ఎక్కువ పాడవుతాయి. కాబట్టి ముందు లోహం ఏమిటో చూడండి. 925 అని ముద్ర ఉంటే 92.5 శాతం వెండి. ముద్ర లేక, అంచుల దగ్గర పసుపు తేలుతుంటే అది పూత. పూత పోయినచోట ఎంత తోమినా తిరిగి రాదు, దుకాణంలో మళ్లీ వేయించాల్సిందే.

ఇంకో మాట: శుక్రవారం దీపాలు వెలిగించాక శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా ఆ కొవ్వొత్తి స్టాండ్లను కదపకండి. అది షబ్బత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) నియమం.

హనుకియా నిండా మైనం

హనుక్కా పండుగ కొవ్వొత్తుల స్టాండ్ ఇది. రోజుకొకటి పెంచుతూ ఎనిమిది రాత్రులకు, రోజూ వాడే షమాష్‌తో (మిగతావాటిని వెలిగించే కొవ్వొత్తి) కలిపి 44 కొవ్వొత్తులు. మైనం ఎక్కువగా కారుతుంటే కారణం గాలి, లేదా వంకరగా నిలిచిన కొవ్వొత్తి. దీపాలు వీధిలోకి కనబడాలని కిటికీ దగ్గర పెడతారు, కాబట్టి చోటు మార్చకుండా కిటికీ మూయండి. కొవ్వొత్తి అడుగు కాస్త వేడిచేసి నొక్కితే నిటారుగా నిలుస్తుంది.

అంటుకున్న మైనాన్ని కత్తితో గీకొద్దు. గీత పడితే పోదు. హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి, మెత్తబడ్డాక చెక్కపుల్లతో, పాత కాటన్ గుడ్డతో తీయండి. అడుగున ఫెల్ట్ అతికించి, సైజుకు మించి బరువున్న స్టాండ్లను నీళ్లలో ముంచకండి. బరువు కోసం లోపల ప్లాస్టర్ లాంటిది నింపి ఉంటారు, తడిస్తే వదులవుతుంది.

సెదెర్ పళ్లెం మీద నల్ల మచ్చలు

ఇది పెసహ్ (ఈజిప్టు బానిసత్వం నుంచి విముక్తిని తలుచుకునే పండుగ) రాత్రి, సెదెర్ అనే విందులో వడ్డించే పదార్థాల పనే. గుడ్డులో గంధకం ఉంటుంది. చేదుకు గుర్తుగా పెట్టే హార్స్‌రాడిష్ ఘాటులోనూ గంధకమే. అది వెండితో కలిసి నల్లబడుతుంది. ఉప్పునీళ్లు ఇంకా ప్రమాదం, వెండిని చిన్న గుంటలుగా తినేస్తాయి. ఒక్కో పదార్థాన్ని చిన్న గాజు గిన్నెలో పెట్టి పళ్లెంలో ఉంచితే ఈ బాధే ఉండదు.

మచ్చలు పడ్డాక? నున్నటి పళ్లెమైతే అల్యూమినియం ఫాయిల్ పరిచిన టబ్‌లో వేడినీళ్లు, బేకింగ్ సోడా వేసి కాసేపు ఉంచండి. గంధకం అల్యూమినియంకు మారుతుంది, వెండి వెండిగానే మిగులుతుంది. చెక్కిన అక్షరాలు, బొమ్మలు ఉంటే మాత్రం ఈ పద్ధతి వద్దు. గాడుల్లో నలుపు పనివాడు కావాలనే వదిలింది, అదిపోతే చెక్కడమే కనబడదు. అలాంటివాటికి మెత్తటి గుడ్డతో పైపైన సిల్వర్ పాలిష్ చాలు. రాళ్లు పొదిగినవైతే ఫాయిల్ పద్ధతి ఆలోచనే వద్దు.

కిద్దుష్ గ్లాసు లోపల మరకలు

షబ్బత్, పండుగల్లో ప్రార్థన చదివి వైన్ తాగే గ్లాసు ఇది. మరకలు వైన్‌లో పులుపు, చక్కెర ఎండిపోవడం వల్ల. గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే తుడవాలి. మాంసానికి, పాలకు వేర్వేరు స్పాంజిలు వాడే ఇల్లు కనుక ఏది వాడాలో అడగండి. లోపల బంగారు పూత ఉంటే పాలిష్ తగలనివ్వకండి. మన అలవాటు కొద్దీ టూత్‌పేస్టు, చింతపండు తీయొద్దు. పేస్టు వెండిని గీస్తుంది. చింతపండు ఉత్త ఇత్తడికి మంచిదే కానీ పూతలకు పనికిరాదు.

తీగపని డబ్బాలో తెల్లటి పొడి

షబ్బత్ ముగింపులో వాసన చూసే లవంగాల డబ్బా ఇది. యెమెన్ యూదు కంసాలులు ఇలాంటి తీగపనికి పేరుపొందారు. కరీంనగర్ ఫిలిగ్రీ చూసినవాళ్లకు ఎంత సున్నితమో తెలుసు. ఆ పొడి తీగల మధ్య ఎండిన పాలిష్. లవంగాలు తీసేసి, సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపండి.

మెజూజాకు చిలుము

గుమ్మానికి బిగించిన ఇత్తడి గొట్టం వానకు తడిస్తే పచ్చగా చిలుము పడుతుంది. లోపల చేత్తో రాసిన పవిత్ర తోలుపత్రం ఉంటుంది, కాబట్టి స్ప్రే కొట్టకుండా కొద్దిగా తడిపిన గుడ్డతో తుడవండి. నీరు లోపలికి దిగిందనిపిస్తే మీరు విప్పకండి, ఇంటివాళ్లకు చెప్పండి. వాళ్లు సోఫెర్ (లేఖకుడు) దగ్గరికి తీసుకెళ్తారు. ఏడేళ్లకు రెండుసార్లు పరీక్ష చేయించడం ఎలాగూ వాళ్ల ఆనవాయితీ.