కొత్త మోటార్‌హోమ్ తాళాలు తీసుకునే ముందు: విశాఖలో కొనేవాళ్లు చూసుకోవాల్సినవి

మన దగ్గర అమ్మే మోటార్‌హోమ్‌లలో చాలావరకు ఒక్క చేతి మీదుగా తయారైనవి కావు. ఇంజను, ఛాసిస్ ఒక వాహన కంపెనీవి. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటి బండి తీసుకుని లోపల ఇల్లు కట్టేది బాడీ బిల్డర్. ఏసీ, ఇన్వర్టర్, ఫ్రిజ్, పంపు తలా ఒక కంపెనీ నుంచి వస్తాయి. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. తేడా వచ్చేది ఒకరి పని ఇంకొకరి పనికి తగిలే చోట: ఏసీ కోసం పైకప్పుకు కోసిన రంధ్రం, ఛాసిస్ వైరింగ్ నుంచి లాగిన కొత్త తీగ, నేలలోంచి దింపిన డ్రెయిన్ పైపు. సోఫా గుడ్డ, లైట్ల రంగు ఎవరికైనా కనిపిస్తాయి. మీ సమయం ఈ అతుకుల మీద పెట్టండి.

ముహూర్తానికి వారం ముందు

వైజాగ్‌లో కొత్త బండి అంటే ముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్లి పూజ చేయించడం చాలామందికి అలవాటు. ఆ రోజు ఇంటిల్లిపాదీ వస్తారు, ముహూర్తం దాటిపోతుందన్న తొందర ఉంటుంది. ఆ వేళ నిచ్చెనెక్కి సీలెంట్ చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే తనిఖీని కనీసం వారం ముందు పెట్టుకోండి. దొరికిన లోపాలు సరిచేయడానికి, మీరు మళ్లీ వెళ్లి చూడడానికి ఆ వ్యవధి కావాలి. మిగతా సొమ్ము రెండోసారి చూశాకే కడతామని బుకింగ్ రోజే ఆర్డర్ ఫారం మీద రాయించండి. పూర్తి సొమ్ము చేతులు మారాక చిన్న తలుపు గడియ కోసం కూడా నెలలు తిరగాల్సి రావచ్చు.

డీలర్‌కు ముందే ఫోన్ చేసి నాలుగు మాటలు చెప్పండి. మంచినీళ్ల ట్యాంకు నిండా నింపాలి, బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయి ఉండాలి, గ్యాస్ పొయ్యి ఉంటే సిలిండర్ తగిలించి ఉంచాలి, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ దగ్గర బండి నిలపాలి. ఖాళీ ట్యాంకుతో, చార్జ్ లేని బ్యాటరీతో చూస్తే చూసినట్టే కాదు. ఉదయం పూటే వెళ్లండి, రోజంతా పడుతుంది. వెంట తీసుకెళ్లాల్సినవి: టార్చ్, మల్టీమీటర్, మూడు పిన్నుల సాకెట్ టెస్టర్, టేపు, చిన్న అయస్కాంతం, స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు, పొడవాటి నీళ్ల పైపు, లోపం ఉన్న చోట అంటించడానికి మాస్కింగ్ టేపు.

కాగితాలు

బండి కాలుష్య, భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని ధ్రువీకరించే కాగితం ఫారం 22. బాడీ విడిగా కట్టిన బండికి అది సరిపోదు, ఫారం 22ఏ ఉండాలి. అందులో మొదటి భాగం వాహన కంపెనీ ఇస్తుంది, రెండో భాగం బాడీ బిల్డర్ ఇవ్వాలి. రెండో భాగం ఖాళీగా ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు. అమ్మకపు సర్టిఫికెట్ అయిన ఫారం 21లోని ఛాసిస్ నంబరును ఫ్రేము మీద చెక్కిన 17 అక్షరాలతో ఒక్కొక్కటిగా పోల్చండి. మోటార్ కారవాన్లకు, అంటే మోటార్‌హోమ్‌లకు, వర్తించే ప్రమాణం ఏఐఎస్-124. ఆ ప్రమాణం కింద వచ్చిన అప్రూవల్ సర్టిఫికెట్ నకలు అడగండి, అందులోని మోడల్ మీ ముందున్న బండేనా చూడండి. ప్రయాణికుల బండిగా రిజిస్టరు చేసేసి, లోపల మార్పులు తర్వాత చేయిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అనుమతి లేని మార్పు మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52కు విరుద్ధం, ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర అదే మెడకు చుట్టుకుంటుంది. కాగితంలో రాసిన సీట్ల సంఖ్యకు సరిపడా సీటు బెల్టులు లోపల ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

టైర్ల మీద నాలుగంకెల తయారీ కోడ్ ఉంటుంది. 2325 అంటే 2025లో 23వ వారం. స్టెప్నీతో సహా అన్నీ చూడండి. ఛాసిస్ బాడీ షెడ్డులో నెలల తరబడి నిలబడి ఉంటే టైర్లే చెబుతాయి.

బండి కింద

పడుకుని చూడక తప్పదు. లేదా సర్వీస్ పిట్ మీద పెట్టించండి. ట్యాంకులు, మెట్టు, జాకీలు బిగించడానికి వెల్డింగ్ చేసిన ప్రతి చోటా ప్రైమర్, పైన రంగు ఉండాలి. వెల్డింగ్ నల్లగా వదిలేసి ఉంటే, మన ఉప్పు గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పొరలు లేస్తాయి. అల్యూమినియం రేకును మామూలు ఇనుప స్క్రూలతో బిగిస్తే ఆ రెండూ కలిసే చోట తెల్లటి పొడి పుట్టి అల్యూమినియం తినేస్తుంది. స్టెయిన్‌లెస్ అని చెప్పిన స్క్రూలు, కీళ్లకు అయస్కాంతం పెట్టి చూడండి. 304, 316 రకాలైతే దాదాపు అంటవు. గట్టిగా పట్టుకుంటే అది చవక రకం, సముద్రం పక్కన నిలవదు.

సైలెన్సర్ పైపు పొడవునా టార్చ్ వేయండి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను కాల్చి శుభ్రం చేసుకునేటప్పుడు ఆ భాగం మామూలు కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. దానికి దగ్గరగా వైరు కట్ట, ప్లాస్టిక్ ట్యాంకు, గ్యాస్ పైపు ఏదున్నా మార్పించాల్సిందే. డెఫ్ (పొగను శుభ్రం చేసే ద్రవం) పోసే మూతకు కొత్త బాడీ అడ్డం రాకూడదు. స్టెప్నీ దింపడానికి చేయి పడుతుందా, జాకీ పెట్టే చోటు కప్పేశారా అన్నది అక్కడే ఒకసారి చేయించి చూడండి. అన్నిటికంటే కిందికి వేలాడేది మురుగునీళ్ల ట్యాంకు వాల్వు అయితే, ఘాట్ మలుపులో గతుకు తగిలి మొదట విరిగేది అదే.

కాటా

ఎక్కువమంది వదిలేసే పని ఇదే, కానీ భద్రతకు ముఖ్యమైనదీ ఇదే. గాజువాక ఆటోనగర్ వైపు లారీలు తూచే కాటాలు ఉంటాయి. డీజిల్, నీళ్లు నిండుగా పెట్టి మూడుసార్లు తూయించండి: బండి మొత్తం, ముందు చక్రాలు మాత్రమే, వెనుక చక్రాలు మాత్రమే. కాగితాల్లోని గరిష్ఠ బరువులోంచి మొత్తం బరువు తీసేస్తే మిగిలేదే మీ మనుషులకు, సామానుకు. నలుగురు పెద్దలు తలా 70 కిలోలు వేసుకున్నా 280. బట్టలు, వంట సామాను, కుర్చీలు, మడత సైకిళ్లు కలిపితే మరో 150 సులభంగా దాటుతుంది. మిగిలింది 300 కిలోలే అయితే ఆ బండి నలుగురిది కాదు, ఇద్దరిది. వెనుక ఇరుసు దాని హద్దుకు చేరువలో ఉండి ముందు తేలికగా ఉన్నా ప్రమాదమే. బ్యాటరీలు, ట్యాంకు, సామాను పెట్టె అన్నీ వెనుకే పెడితే ఇలా అవుతుంది. స్టీరింగ్ తేలిపోతుంది, వెనుక టైర్లు వేడెక్కుతాయి.

పైన ఏసీతో కలిపి ఎత్తు కూడా అప్పుడే కొలిపించండి. ఆ అంకెను డ్రైవరు కళ్ల ముందు రాసి అంటించండి. రైల్వే అండర్ బ్రిడ్జి ముందు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోలేరు.

కరెంటు

ముందు బయటి కరెంటు పెట్టి లోపలి ప్రతి సాకెట్‌లో టెస్టర్ గుచ్చండి. ఎర్త్ లేదని చూపిస్తే అక్కడితో ఆపేయండి. ఇనుప గోడల మధ్య, తడి నేల మీద నిలబడి తాకే బండి ఇది. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, అంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, తప్పనిసరి, దాని టెస్ట్ బటన్ నొక్కితే వెంటనే పడిపోవాలి.

తర్వాత బయటి కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడపండి. అమ్మేవాళ్లు రాత్రంతా ఏసీ నడుస్తుందని చెబితే లెక్క వేయండి. 200 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ 12.8 వోల్టుల దగ్గర 2,560 వాట్ అవర్లు ఇస్తుంది. ఇన్వర్టర్ నష్టం పోగా చేతికొచ్చేది సుమారు 2,300. టన్ను ఏసీ దాదాపు కిలోవాట్ లాగుతుంది. మే నెల ఉక్కపోతలో కంప్రెసర్ ఆగకుండా తిరిగితే రెండు గంటల పైచిలుకు, అంతే. రాత్రంతా కావాలంటే బ్యాటరీ పెంచాలి, లేదా బయటి కరెంటు ఉన్న చోట నిలపాలి.

ఇండక్షన్ పొయ్యిని 2,000 వాట్ల మీద పది నిమిషాలు పెట్టండి. 12 వోల్టుల వైపు 170 ఆంపియర్ల దాకా పారుతుంది. బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర, ఇన్వర్టర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజి చూడండి. తేడా 0.3 దాటితే కేబుల్ సన్నం, లేదా కేబుల్ చివర తొడిగే లోహపు ముక్క (లగ్) సరిగా నొక్కలేదు. ఆపేశాక కేబుల్ చివర్ల మీది తొడుగును వేలితో తాకితే చురుక్కుమంటే అదే కారణం. బ్యాటరీ ప్లస్ వైపు, బ్యాటరీకి దగ్గరలోనే పెద్ద ఫ్యూజు ఉండాలి. ఇన్వర్టర్ దగ్గర పెట్టిన ఫ్యూజు మధ్యలో ఒరుసుకుపోయిన కేబుల్‌ను కాపాడదు.

ఇక అతుకు పరీక్ష. ఇంజను ఆపి, లోపలి లైట్లు, ఫ్యాన్లు, పంపు అన్నీ వేసి ఇంజను బ్యాటరీ వోల్టేజి చూడండి. అది తగ్గుతూ పోతే లోపలి కరెంటును ఇంజను బ్యాటరీ నుంచి దొంగిలిస్తున్నట్టే, తెల్లారేసరికి సెల్ఫ్ కొట్టదు. ఇంజను నడిపినప్పుడు లోపలి బ్యాటరీకి చార్జ్ వస్తోందా మీటర్‌లో చూడండి. లిథియం బ్యాటరీ ఇంజను నుంచి చార్జ్ కావాలంటే మధ్యలో కరెంటును అదుపు చేసి పంపే డీసీ-డీసీ చార్జర్ ఉండాలి, నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కి పోతుంది. ఛాసిస్ తీగలను కోసి కలిపిన చోట వాహన కంపెనీ వారంటీ నిరాకరించే వీలుంది, కాబట్టి ఎక్కడెక్కడ కలిపారో వైరింగ్ పటం తీసుకోండి.

నీళ్లు, గ్యాస్

పంపు వేసి కుళాయిలన్నీ తెరిచి మూయండి. మూసిన కాసేపటికి పంపు ఆగాలి. ఎవరూ కుళాయి తిప్పకుండా మధ్యమధ్య టక్కుమని తిరిగి ఆగుతుంటే ఎక్కడో కారుతోంది. సింకు కింద, షవర్ వెనుక, ట్యాంకు బిగింపుల దగ్గర పొడి టిష్యూ కాగితం చుట్టి అరగంట వదలండి. గీజర్‌లో నీళ్లు నిండి వేడి కుళాయి నుంచి ధార వచ్చాకే స్విచ్ వేయాలి, లేకపోతే ఎలిమెంట్ కాలిపోతుంది. సింకు కింద అలమర లోపల ప్లైవుడ్ అంచులు చూడండి. కోసిన అంచు బయటికి కనిపిస్తుంటే మన తేమకు ఉబ్బుతుంది. నీటిని తట్టుకునే మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగడం అత్యాశ కాదు.

ఎల్పీజీ గాలి కంటే బరువు, కారితే కిందికే చేరుతుంది. కాబట్టి సిలిండర్ ఉంచే అర కింది భాగంలో బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి, లోపలి గదిలోకి దారి ఉండకూడదు. గ్యాస్ అలారం నేలకు దగ్గరగా, పొగ అలారం పైకప్పుకు ఉండాలి. రబ్బరు గొట్టం మీద ఐఎస్ఐ గుర్తు, గడువు తేదీ చదవండి. ప్రతి బిగింపు మీదా సబ్బు నీళ్లు కొట్టి బుడగలు వస్తాయేమో చూడండి.

నడిపి చూశాక వాన పరీక్ష

రిజిస్టరు కాని బండిని రోడ్డు మీద నడపడానికి డీలర్‌కు ఉండాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్, బీమా ఉన్నాయని నిర్ధారించుకుని, నిండు ట్యాంకుతో బయలుదేరండి. ఆనందపురం వైపు హైవే మీద కొంత, సింహాచలం ఘాట్ ఎక్కి దిగడం కొంత. అరకు వెళ్లాలనుకునేవాళ్లకు అనంతగిరి మలుపుల ముందు ఇది చిన్న రుచి మాత్రమే, అయినా బ్రేకులు, ట్యాంకు కుదుపు, స్టీరింగ్ లాగడం అన్నీ తెలుస్తాయి. ఒకరు వెనుక బెల్టు పెట్టుకుని కూర్చుని ఏ అర తెరుచుకుంటోందో, ఎక్కడ కిర్రుమంటోందో రాసుకోవాలి. మట్టి రోడ్డు మీద ఒక కిలోమీటరు తిప్పితే నేలలో మూయని రంధ్రాలు దుమ్ము రూపంలో బయటపడతాయి.

వాన పరీక్ష నడిపాకే చేయాలి. నిలబడి ఉన్నప్పుడు మూసుకున్న అతుకు గతుకుల్లో బాడీ మెలితిరిగాక విచ్చుకుంటుంది. పైగా వైజాగ్‌లో వాన నిలువుగా పడదు, సముద్రపు గాలితో పక్క నుంచి కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎలా కొట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పైపుతో కింది నుంచి పైకి వెళ్లండి: ముందు తలుపు అడుగు, తర్వాత కిటికీలు, ఆ తర్వాత పైకప్పు అంచు, చివరికి ఏసీ, వెంట్, సోలార్ కేబుల్ దిగే చోటు. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని చోట్లా పారి, ఎక్కడి నుంచి వచ్చాయో తేలదు. ఒక్కో చోట ఐదు నిమిషాలు, ఏసీ చుట్టూ పదిహేను. లోపల ఇంకొకరు టార్చ్‌తో మూలలు తడమాలి. తేమ మీటర్ దొరికితే అంకెను ఒంటరిగా నమ్మకండి. మన ఊళ్లో పొడి ప్లై కూడా కాస్త తేమ చూపిస్తుంది. మంచం మధ్య చెక్కతో కిటికీ పక్క చెక్కను పోల్చండి. తేడా నాలుగైదు శాతం ఉంటే అక్కడ విప్పించండి. కారిన చోట పైపైన సిలికాన్ పూసి పంపితే ఒప్పుకోవద్దు. దాని మీద ఇంకేదీ అంటదు. పాతది గీకి, శుభ్రం చేసి, పాలీయురెథేన్ సీలెంట్‌తో మళ్లీ వేయించాలి.

వెనక్కి వచ్చాక గ్యాస్ బిగింపులకు సబ్బు నీళ్లు రెండోసారి కొట్టండి, టిష్యూలు మళ్లీ చూడండి. చీకటి పడ్డాక అన్ని దీపాలు, రివర్స్ కెమెరా చూసి ముగించండి.

ఏది ఒప్పుకోవచ్చు, ఏది కాదు

గీత పడిన లామినేట్, బిగుసుకున్న గడియ, సరిగా జరగని తెర లాంటివి తేదీ వేసి రాయించుకుని బండి తీసుకోవచ్చు. లోపలికి నీరు రావడం, గ్యాస్ కారడం, ఎర్త్ లేకపోవడం, ఇరుసు బరువు దాటడం, కాగితాల్లో వాహన రకం తేడా ఉండడం: ఈ ఐదింటిలో ఏ ఒక్కటి ఉన్నా తాళాలు ముట్టుకోకండి. తర్వాత చూద్దాం సార్ అన్న మాటకు విలువ లేదు. మాస్కింగ్ టేపు అంటించిన ప్రతి లోపానికి ఫోటో తీసి, జాబితా రెండు ప్రతులు రాసి, డీలర్ సంతకం, ముద్ర, సరిచేసే తేదీ వేయించండి. ఛాసిస్, బాడీ, ఏసీ, ఇన్వర్టర్, బ్యాటరీలకు వారంటీ కార్డులు విడివిడిగా అడగండి. దేనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో, విశాఖలోనే సర్వీస్ ఉందా లేక బండి వేరే ఊరికి తోలాలా అన్నది అదే కాగితం మీద రాయించండి. మొదటి దూర ప్రయాణం నుంచి రాగానే చక్రాల నట్లు, ఏసీ బోల్టులు, ట్యాంకు పట్టీలు డీలర్ దగ్గరే ఉచితంగా బిగించి చూడాలన్న షరతు కూడా అందులో చేర్చండి.