మారిషస్ వెళ్తున్నారా? ముందు నెల, తర్వాత తీరం తేల్చుకోండి

ద్వీపం పొడవు 65 కిలోమీటర్లే కదా, ఎక్కడ దిగితే ఏముందిలే అనుకుంటారు చాలామంది. మారిషస్‌లో తేడా వచ్చేది అక్కడే. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు ముందు తూర్పు తీరాన్ని తాకుతాయి. మే నుంచి అక్టోబరు దాకా ద్వీపంలో చలికాలం. జులై, ఆగస్టుల్లో తూర్పున బెల్ మార్ వైపు గది తీసుకుంటే గాలి పోటుకు సముద్రంలో దిగబుద్ధి కాదు. అదే రోజు పడమర ఒడ్డున ఫ్లిక్-అన్-ఫ్లాక్‌లోనో, ఉత్తరాన గ్రాండ్ బేలోనో నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. మధ్యలో పీఠభూమి మీదున్న క్యూర్‌పీప్ పట్టణంలో మాత్రం తీరమంతా ఎండ కాస్తున్నా జల్లు పడుతుంది. పలచటి రెయిన్ కోటు ఎప్పుడూ సంచీలోనే ఉండాలి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండాకాలం, తుపాన్ల కాలం కూడా. జనవరి నుంచి మార్చి వరకు మరీ జాగ్రత్త. హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులుగా ఇస్తారు. మూడో తరగతి వచ్చిందంటే గంటకు 120 కిలోమీటర్ల ఈదురుగాలులకు కొద్ది గంటలే ఉన్నట్టు. రెండో తరగతిలోనే తాగునీళ్లు, తినేవి, పవర్ బ్యాంకు సిద్ధం చేసుకుని గదికి చేరిపోవాలి. ఈ నెలల్లో తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది కొనండి.

వీసా ముందుగా అక్కర్లేదు. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బు చూపించాలి. ప్లగ్గులు ఇంగ్లండు తరహావి, మూడు చదరపు పిన్నులవి. అడాప్టర్ తీసుకెళ్లండి.

అడవి చూడాలంటే బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కుకు ఒక పూర్తి రోజు ఇవ్వండి. 828 మీటర్ల బ్లాక్ రివర్ శిఖరం ఎక్కి దిగడానికి మూడు నాలుగు గంటలు. చివరి ఎక్కుడు నిటారు. వాన పడితే ఎర్రమట్టి సబ్బులా జారుతుంది, పట్టున్న బూట్లు లేకపోతే దిగేటప్పుడే పడతారు. చలికాలంలో ఆరులోపే చీకటి పడుతుంది, కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి. దారి పక్కన ఉసిరికాయంత ఎర్రటి చిన్న జామపళ్లు కనిపిస్తాయి. పుల్లగా బాగుంటాయి, కానీ బయటి నుంచి వచ్చిన ఈ మొక్కే అక్కడి అసలు చెట్లను ఊపిరాడనివ్వకుండా అల్లుకుంటోంది.

అసలు అడవి ఎలా ఉండేదో తెలియాలంటే మాహెబోర్గ్ దగ్గరి ఇల్-ఓ-ఎగ్రెట్‌కు వెళ్లాలి. 26 హెక్టార్ల దీవి, గైడు వెంట మాత్రమే తిరగనిస్తారు. 1990 నాటికి అడవిలో పది పక్షులకు పడిపోయిన గులాబీ పావురాన్ని ఇక్కడ కొమ్మ మీద చూడొచ్చు. ఇది వదులుకోవద్దు.

సముద్రంలో దిగేటప్పుడు కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి. ఒళ్లంతా ముళ్లుండే అర్చిన్లనే సముద్రపు ప్రాణులు, రాయిలా కదలకుండా ఉండే విషపు చేపలు అడుగునే ఉంటాయి. పగడాలు, గవ్వలు తెచ్చుకోకూడదు.

ఇక పండుగలు. మహాశివరాత్రికి, ఆ అడవి పార్కు దగ్గర కొండల మీదున్న గంగా తలావ్ సరస్సుకు రోజుల ముందే జనం తెల్లబట్టల్లో, కావడులతో నడక మొదలుపెడతారు. ఆ వారం కొండదారిలో కారు వేసుకుంటే గంటల తరబడి ఇరుక్కోవడమే, కాబట్టి అడవి నడక ఆ రోజుల్లో పెట్టుకోకండి. పండుగే చూడాలనుకుంటే నడవండి. దారి పొడవునా నీళ్లు, తిండి పెట్టేవాళ్లుంటారు. రాత్రి పైన చలేస్తుంది, శాలువా ఉండాలి. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే తమిళుల తైపూసం కావడి రోజున శూలాలు గుచ్చుకుని నడిచేవారిని అడగకుండా దగ్గరగా ఫొటో తీయొద్దు.

ఉగాది అక్కడ జాతీయ సెలవు. మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి ఓడెక్కిన వాళ్ల వారసులు చేసుకునే పండుగ. తెలుగు గుళ్లో ఆ రోజు తెలుగులో పలకరించి చూడండి. చాలామంది ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోలే, జవాబు తడబడినా మొహంలో సంతోషం దాగదు. దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన ఉందేమో అక్కడే అడగండి.

ఆకలేస్తే దోల్ పురీ. చూపుకు బొబ్బట్టే, లోపల మాత్రం తీపి ఉండదు. పప్పు పొడి, దానిపై చిక్కుడుగింజల కూర. రెండేసి కలిపి చుట్టి ఇస్తారు. మధ్యాహ్నం దాటితే బండ్ల దగ్గర అయిపోతాయి, పదకొండులోపే తినేయండి.