ఫ్రిట్జ్ పొలార్డ్ ఆటజీవితాన్ని వెలికితీయడం ఎలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో తొలితరం ఆటగాళ్ల గురించి తెలుసుకోవాలంటే ముందు అంకెల పట్టికను పక్కన పెట్టండి. అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ అధికారికంగా ఆటగాళ్ల గణాంకాలు నమోదు చేయడం 1932లో మొదలైంది. అంతకుముందే ఆడి వెళ్లిపోయిన నల్లజాతి ఆటగాడు ఫ్రిట్జ్ పొలార్డ్ గొప్పతనం ఆ పట్టికలో దొరకదు. ఈ ఆట చరిత్రలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆయన. అందుకే ఆయననే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ఒక కాగితం మీద ఏడాదికో వరుస చొప్పున జట్ల పేర్లు రాయండి. 1920, 1921: ఆక్రన్ ప్రోస్. 1922: మిల్వాకీ బ్యాడ్జర్స్. 1923: హ్యామండ్ ప్రోస్. 1925లో ఏకంగా మూడు జట్లు: హ్యామండ్, ఆక్రన్, ప్రావిడెన్స్. 1926లో మళ్లీ ఆక్రన్. మధ్యలో 1924 ఖాళీగా కనిపిస్తుంది. గాయపడ్డాడనో, ఆట మానేశాడనో అనుకోకండి. ఆ ఏడాది ఆయన పెన్సిల్వేనియా బొగ్గుగనుల సీమలో గిల్బర్టన్ జట్టుకు ఆడాడు. ఆ జట్టు ఎన్ఎఫ్ఎల్‌లో లేదు, కాబట్టి ఆ ఏడాది లీగ్ జాబితాకెక్కలేదు. డబ్బిచ్చే ఊరు ఎక్కడుంటే ఆటగాడు అక్కడికి వెళ్లే కాలమది. వరుసలో ఖాళీ కనిపించినప్పుడల్లా చుట్టుపక్కల చిన్న లీగ్‌లలో వెతకండి.

తర్వాత పాత దినపత్రికలు. ఒక్కో ఆటకు రెండు ఊళ్ల పత్రికలూ చదవండి, ఓడిన ఊరివాళ్ల కథనం తప్పనిసరిగా. ఛాంపియన్ ఎవరో తేలింది ఆటలు ముగిసిన డిసెంబరులోనే అనుకోవద్దు. 1920లో ఆక్రన్ 8 ఆటలు గెలిచి, 3 సమం చేసి, ఒక్కటీ ఓడలేదు. అప్పట్లో ఫైనల్ ఆట లేదు. 1921 ఏప్రిల్‌లో జట్ల ప్రతినిధులు సమావేశమై ఓటు వేసి కిరీటం ఇచ్చారు.

శిక్షకుల జాబితా కూడా విడిగా చూడండి. 1921లో పొలార్డ్ ఆడుతూనే, ఎల్జీ టోబిన్‌తో కలిసి ఆక్రన్‌కు శిక్షణ ఇచ్చాడు. ఈ లీగ్‌లో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడు ఆయనే. ఆయన తరం తర్వాత మరొకరు, ఆర్ట్ షెల్, రావడానికి 1989 దాకా పట్టింది. ఈ రెండు తేదీలు పక్కపక్కన రాసుకోండి. నాకైతే ఎన్నిసార్లు చూసినా కోపం వస్తుంది.

1926 దగ్గర గీత గీసి ఆపేయకండి. 1934 నుంచి 1945 వరకు ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడూ లేడు. ఆ కాలంలోనే పొలార్డ్ న్యూయార్క్‌లో బ్రౌన్ బాంబర్స్ అనే నల్లజాతి జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ వరుసలు నింపడానికి నల్లజాతి పత్రికలైన చికాగో డిఫెండర్, న్యూయార్క్ ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్ పాత సంచికలతో మొదలుపెట్టండి.